స్టెల్లర్ చూసిన సముద్రధేనువు

సముద్రంలో బ్రతికేవన్నీ చేపలు కావు. తిమింగలం, డాల్ఫిన్, సీలు, సముద్రధేనువు మొదలైనవి మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలను కని, పాలిచ్చి పెంచే క్షీరదాలు. వీటి పూర్వికులు ఒకప్పుడు నేలమీద నాలుగు కాళ్లతో నడిచినవే. అయితే ఇవన్నీ ఒకే కుదురు నుండి వచ్చినవి కావు. తిమింగలాలు గిట్టల జంతువుల వంశానికి చెందినవి. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ వద్ద దొరికిన శిలాజాలలో వాటికి దగ్గరి చుట్టమైన ఒక చిన్న గిట్టల జంతువు ఉన్నదని 2007లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. సీళ్లు మాంసాహార మృగాల శాఖ నుండి చీలినవి. సముద్రధేనువులు ఏనుగులకు దాయాదులు. ఎవరి దారిన వారు నేల విడిచి నీటిని ఆశ్రయించిన ఈ ప్రాణులలో నాలుగింటిని దగ్గరగా పరిశీలించి, శాస్త్రీయంగా వర్ణించిన తొలి వ్యక్తి జార్జ్ విల్‌హెల్మ్ స్టెల్లర్. ఆ నాలుగింటిలో ఒకదానిని ఆయన తప్ప మరే ప్రకృతి శాస్త్రజ్ఞుడూ ప్రాణాలతో చూడలేదు.

స్టెల్లర్ 1709 మార్చి 10న జర్మనీలోని విండ్స్‌హైమ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో గాయక బృందాన్ని నడిపేవాడు. పెద్ద కుటుంబం, సంపాదన స్వల్పం. పుట్టినప్పుడు ఆ శిశువులో చలనం లేదనీ, వేడి దుప్పట్లు కప్పి కాపాడారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మతబోధకుడు కావాలని విటెన్‌బెర్గ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆ యువకుని మనస్సు క్రమంగా వైద్యం వైపు, వృక్షశాస్త్రం వైపు మళ్లింది. హాలే నగరంలో కొంతకాలం వృక్షశాస్త్ర పాఠాలు చెప్పాడు. స్వదేశంలో స్థిరమైన ఉద్యోగం దొరికే ఆశ కనిపించక, 1734లో రష్యా సైనిక క్షతగాత్రులను తీసుకొనిపోయే ఓడలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. ఇంటిపేరు ఉచ్చారణ రష్యావారికి అనువుగా మారి 'స్టెల్లర్' అయినది అక్కడే.

ఆ నగరంలో ఆయన ఒక ప్రముఖ మతాధిపతి వద్ద వైద్యుడుగా కుదురుకొన్నాడు. అదే కాలంలో రష్యా ప్రభుత్వం ఒక మహాయాత్రను నడుపుతున్నది. సైబీరియా తూర్పు అంచు దాటిన తరువాత ఏమున్నది, ఆసియా ఖండానికీ అమెరికాకూ మధ్య ఎంత దూరమున్నది అన్నవి ఆ యాత్ర తేల్చవలసిన ప్రశ్నలు. దాని నాయకుడు విటస్ బేరింగ్ డెన్మార్క్ దేశస్థుడు. రష్యా నౌకాదళంలో అనుభవజ్ఞుడైన అధికారి. 1737లో విజ్ఞాన పరిషత్తు స్టెల్లర్‌ను ఆ యాత్రకు సహాయకుడుగా నియమించింది. ఆ రోజులలోనే ఆయనకు వివాహమైంది. భార్య బ్రిగిట్ అంతకు పూర్వం సైబీరియాలో పర్యటించిన మెస్సర్‌ష్మిట్ అనే శాస్త్రజ్ఞుని వితంతువు. ఆ ప్రయాణాల కష్టం ఎటువంటిదో ఆమెకు కొత్త కాదు. మాస్కో వరకు వచ్చి, ఇక ముందుకు రాలేనని ఆగిపోయింది. స్టెల్లర్ ఒంటరిగా సాగిపోయాడు. మళ్లీ ఆమెను చూసే అవకాశం ఆయనకు కలగలేదు.

సైబీరియా మార్గంలో ఆయనను కలిసిన గ్మెలిన్ అనే సీనియర్ శాస్త్రజ్ఞుడు ఈ యువకుని జీవనవిధానం చూసి ఆశ్చర్యపడ్డాడు. ఏ పానీయమైనా ఒకే గిన్నెలో; ఏ పదార్థమైనా ఒకే పళ్లెంలో; వంట తానే చేసుకోవడం; ఆనాటి మర్యాదస్తులకు తప్పనిసరి అయిన టోపాజుట్టు గాని, ముఖానికి పౌడరు గాని లేకపోవడం. ఏ చెప్పు దొరికితే అది తొడుక్కొనేవాడట. సామాను తక్కువైతే పరిశోధనకు కాలం ఎక్కువ దొరుకుతుందన్నది ఆయన లెక్క. 1740 శరదృతువులో కమ్చాట్కా ద్వీపకల్పం చేరి, బేరింగ్ పిలుపుపై 'సెయింట్ పీటర్' నౌక ఎక్కాడు. 1741 జూన్ 4న ఆ నౌక బయలుదేరింది. ఇక్కడ చెప్పిన యాత్రా తేదీలన్నీ ఆనాటి రష్యా పంచాంగం ప్రకారం లెక్కించినవి. నేటి లెక్కకు పదకొండు రోజులు కలుపుకోవాలి.

నౌకలో ఆయనకు గౌరవం దక్కలేదు. సముద్రపు నాచు తేలి రావడం వంటి గుర్తులను బట్టి భూమి ఏ దిక్కున ఉన్నదో ఆయన ఊహించి చెప్పేవాడు. సముద్రం చూడని పండితుడని నావికాధికారులు నవ్వేవారు. తప్పు పూర్తిగా వారిదే అనడానికి కూడా వీలులేదు. స్టెల్లర్ నోరు పదునైనది. తనకు తెలిసిన విషయాన్ని ఎదుటివాని అజ్ఞానాన్ని ఎత్తిచూపకుండా చెప్పడం ఆయనకు చేతకాలేదు.

జూలై మధ్యలో మంచు కప్పిన అమెరికా పర్వతాలు కనిపించాయి. అందరూ సంబరపడుతుండగా బేరింగ్ మాత్రం తిరుగు ప్రయాణానికి ఆహారం, గాలి చాలవేమోనన్న దిగులుతో ఉన్నాడు. జూలై 20న కయాక్ ద్వీపం వద్ద మంచినీటికోసం నౌక ఆగింది. ఎంతో వాదించిన మీదట స్టెల్లర్‌కు ఒడ్డున దిగడానికి అనుమతి లభించింది. ఒకే ఒక కొస్సాక్ సహాయకుడు తోడు. ఏళ్ల తరబడి సిద్ధపడిన యాత్రలో అమెరికా నేలపై ఆయనకు దక్కినది సుమారు పది గంటలు. ఆ పది గంటలలోనే స్థానిక ప్రజల నేలమాళిగను, అందులో దాచిన ఎండుచేపలను, పనిముట్లను చూశాడు, మొక్కలను సేకరించాడు. నీలిరంగు ఈకలు, తలపై జుట్టు గల ఒక పక్షిని చూడగానే, అమెరికా పక్షులను గూర్చిన పుస్తకంలో చూసిన బొమ్మ ఆయనకు జ్ఞాపకం వచ్చింది. తాము చేరినది అమెరికాయేనని ఆ పక్షి ఆధారంగా ఆయన నిశ్చయించాడు.

తిరుగు ప్రయాణం దుర్భరమైంది. తాజా ఆహారం లేని దీర్ఘ సముద్రయానంలో నావికులను పీడించే స్కర్వీ వ్యాధి నౌకలో వ్యాపించింది. చిగుళ్లు వాచి రక్తం కారడం, పళ్లు కదలడం, కాళ్లు నల్లబడి లేవలేకపోవడం దాని లక్షణాలు. సి విటమిన్ లోపమే దీనికి కారణమని లోకానికి తెలియడానికి ఇంకా రెండు శతాబ్దాల కాలం పట్టనున్నది. కాని పచ్చి ఆకులు తింటే ఈ జబ్బు తగ్గుతుందన్న సంగతి స్టెల్లర్ ఎరుగును. ఆగస్టు చివర ఒక ద్వీపం వద్ద ఆగినప్పుడు ఊటనీరు ఉన్నచోటు చూపించాడు. నావికులు దగ్గరలో ఉన్నదని ఉప్పుతట్టిన గుంటనీటినే నింపుకొన్నారు. ఆకులు కోయడానికి మనుషులను ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. తానే వంగి కోసుకొని వచ్చిన ఆకులు తిని బేరింగ్ కొద్ది రోజులలో లేచి నడిచాడు. ఆకులు అయిపోగానే మళ్లీ పడకపట్టాడు. శరదృతువు ముదిరేసరికి నౌకలో చుక్కాని పట్టగలవారే కరువయ్యారు.

నవంబరు మొదటి వారంలో కొండలు కనిపిస్తే కమ్చాట్కా చేరామని సంతోషించి ఒడ్డుకు వచ్చారు. అది కమ్చాట్కా కాదని మొదట గ్రహించినవాడు స్టెల్లరే. అక్కడి నక్కలు మనిషిని చూసి పారిపోవడం లేదు. నీటికుక్కలు పక్కన నడిచినా కదలడం లేదు. మనిషి అడుగు పడిన చోట జంతువులు అలా ఉండవు. పైగా తీరం వెంట కమ్చాట్కా సముద్రంలో ఎన్నడూ చూడని నల్లని భారీ ప్రాణులు, తిరగవేసిన పడవలవలె వీపులు తేల్చి కదులుతున్నాయి. అది నిర్జన ద్వీపం. తరువాతి కాలంలో దానికి బేరింగ్ ద్వీపమని పేరు వచ్చింది.

ఇసుకలో గోతులు త్రవ్వి, పైన తెరచాప గుడ్డలు కప్పుకొని ఆ చలికాలం గడిపారు. నక్కలు మందలుగా వచ్చి, పూడ్చకముందే శవాలను కొరికేవి. నిద్రించేవారి తోలు చెప్పులను ఎత్తుకుపోయేవి. డిసెంబరు 8న బేరింగ్ మరణించాడు. చివరి దినాలలో గోతి గోడల నుండి రాలిన ఇసుక ఆయన శరీరాన్ని సగం కప్పివేసింది. అది వెచ్చగా ఉన్నదని తీయనివ్వలేదు. స్టెల్లర్ ఆ గోతుల మధ్య వైద్యుడై, వంటవాడై, పరిచారకుడై తిరిగాడు. అధికారులని, కూలివారని తేడా చూపక అందరికీ పులుసు కాచి పోశాడు. అంతవరకు ఆయనను ఎగతాళి చేసినవారే ఆయన చేతి ఆకుల కోసం ఎదురుచూశారు. నీటికుక్కల తాజా మాంసం, మంచు క్రిందినుండి త్రవ్వి తీసిన దుంపలు, వసంతంలో మొలిచిన ఆకులు మిగిలినవారిని నిలబెట్టాయి. నౌకలో బయలుదేరిన సుమారు 77 మందిలో 46 మంది బ్రతికారు.

ఆకలి తీరిన తరువాత స్టెల్లర్ లోని శాస్త్రజ్ఞుడు మేల్కొన్నాడు. బొచ్చు సీళ్ల గుంపుల నడుమ గుడిసె వేసుకొని వాటిని రోజుల తరబడి గమనించాడు. ఒక్కొక్క మగసీలు అనేక ఆడసీళ్లను కూడగట్టుకొని, తన జాగా కోసం ఎలా పోరాడుతుందో వ్రాసుకొన్నాడు. సముద్ర సింహాలను, నీటికుక్కలను అదే శ్రద్ధతో వర్ణించాడు. పిల్లను పొట్టమీద పెట్టుకొని వెల్లకిల ఈదే తల్లి నీటికుక్క ఆయన మనస్సును ప్రత్యేకంగా ఆకట్టుకొన్నది. తోటివారు ఆ నీటికుక్కల తోళ్లనే పందెంగా ఒడ్డి పేకాట ఆడుతూ, మాంసం కూడా వదిలివేసి కేవలం తోలుకోసం చంపుతున్నందుకు ఆయన మండిపడ్డాడు.

అన్నిటికంటె వింతైనవి ఆ వీపులు తేల్చిన ప్రాణులు. అవే సముద్రధేనువులు. పోటు సమయంలో చేతితో తాకగలిగినంత దగ్గరగా వచ్చి మేసేవి. కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు వాటి ఆహారం. తల నీటిలో ముంచి మేస్తూ, నాలుగైదు నిమిషాలకొకసారి ముక్కు పైకెత్తి, గుర్రం సకిలించినట్లు ఊపిరి వదిలేవి. పూర్తిగా మునగడం వాటికి చేతకాదు. సముద్రపక్షులు వీపుమీద వాలి చర్మంలోని పురుగులను ఏరుకొని తినేవి. ముసలి చెట్టు బెరడువలె గరుకైన నల్లని చర్మం; పిల్లలను మంద నడుమ ఉంచుకొని కాపాడుకొనే స్వభావం.

1742 వేసవిలో వాటిని పట్టే ఉపాయం కుదిరింది. పడవలోని వాడు ఇనుప కొక్కెం విసిరి గుచ్చితే, దానికి కట్టిన త్రాడును ఒడ్డున ముప్పై మంది పట్టి లాగేవారు. గాయపడిన దానిని విడిపించడానికి తోటివి వచ్చి త్రాడుకు అడ్డుపడేవి. పడవను తలక్రిందులు చేయబోయేవి. చంపిన ఒక ఆడదాని కోసం దాని జంటమగది వరుసగా రెండు రోజులు ఒడ్డుకు వచ్చి వెదకుకొన్నదని స్టెల్లర్ నమోదు చేశాడు. ఆ మాంసం గోమాంసాన్ని పోలి ఉండేది; ఎండలోనూ త్వరగా చెడేది కాదు. కొవ్వు బాదం నూనెవలె తియ్యగా ఉండేది. వ్యాధి నుండి తేరుకొని, కొత్త నౌక కట్టడానికి చాలినంత బలం ఆ మాంసం వల్లనే వారికి వచ్చింది. ఆ ప్రాణి ఎడల అంతటి ఆదరంతో వ్రాసిన మనిషి దాని మాంసం తినే బ్రతికాడు. ఈ రెండూ ఆయన పుస్తకంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆయన ఏదీ దాచలేదు.

జూలై 12న ఒక ఆడ సముద్రధేనువును ఆయన కొలిచి కోసి పరిశీలించాడు. పొడవు దాదాపు ఏడున్నర మీటర్లు. పొట్టసంచి ఎంత పెద్దదంటే, నాచుతో నిండిన దానిని నలుగురు బలవంతులు త్రాడు వేసి లాగినా కష్టంగా కదిలింది. చల్లని వాన, నక్కలు కాగితాలను, పనిముట్లను, సిరాను సైతం ఎత్తుకుపోతున్నాయి. సహాయకులకు ఆయన తన పొగాకును కూలిగా ఇచ్చి పని చేయించుకొన్నాడు. వారు విసుగుతో అవయవాలను చింపివేసేవారు. అటువంటి స్థితిలో చేసిన ఆ పరీక్షలో రెండు విచిత్ర సంగతులు తేలాయి. ఆ ప్రాణికి పళ్లు లేవు. నోటిలో పైన, క్రింద గరుకు పలకలు రెండు ఉన్నాయి. ముందరి అవయవాలలో వేళ్ల ఎముకలు లేనేలేవు. మణికట్టు దగ్గర తెగగొట్టిన మోడువలె అవి ముగిసిపోయాయి.

ఆ మోడు అర్థమేమిటో స్టెల్లర్ కాలంలో ఎవరికీ తెలియదు. జీవజాతులు కాలక్రమంలో మారుతాయన్న డార్విన్ గ్రంథం 1859లో గాని వెలువడలేదు. నేడు ఆ కథ చాలావరకు తెలిసింది. సుమారు ఐదు కోట్ల సంవత్సరాల క్రితం జమైకా ప్రాంతంలో నాలుగు కాళ్లతో నడవగల సముద్రధేనువు ఉండేదని శిలాజాలు చెబుతున్నాయి. క్రమంగా వెనుక కాళ్లు లోపించాయి; ముందు కాళ్లు తెడ్లయ్యాయి. కాలిఫోర్నియా, జపాన్ తీరాలలో దొరికిన తరువాతి శిలాజాలలో పళ్లు, వేళ్లు అంచెలంచెలుగా క్షీణించడం కనిపిస్తుంది. వెచ్చని నీటిలో గడ్డి మేసే వంశంలో ఒక శాఖ చలిసముద్రానికి అలవాటుపడి, మెత్తని నాచు తింటూ, పళ్ల అవసరం లేక, శరీరాన్ని పెంచుకొన్నది. స్టెల్లర్ తన కత్తితో తెరిచినది ఆ శాఖ చివరి కొమ్మ. ఒకప్పుడు జపాన్ నుండి కాలిఫోర్నియా వరకు వ్యాపించిన జాతి, ఆయన చూసేనాటికి రెండు చిన్న ద్వీపాల చుట్టూ మాత్రమే మిగిలింది. వాటి సంఖ్య రెండు వేలకు మించి ఉండదని తరువాతి పండితుల అంచనా.

వడ్రంగులందరూ మరణించగా, స్టారొదుబ్‌త్సెవ్ అనే కొస్సాక్ పర్యవేక్షణలో పాత నౌక చెక్కలతో చిన్న నౌకను కట్టి, 1742 ఆగస్టు 13న బయలుదేరారు. చోటు లేనందున స్టెల్లర్ సేకరించిన అస్థిపంజరాలు, తోళ్లు అక్కడే విడువవలసి వచ్చింది. సముద్రధేనువు నోటి పలకలు, వ్రాతప్రతులు మాత్రం ఆయన మూటలో చేరాయి. నీటికుక్కల తోళ్లు వందలకొద్దీ అదే నౌకలో వచ్చాయి. ఆగస్టు చివర కమ్చాట్కా చేరేసరికి, వీరు చనిపోయారని భావించిన జనం వీరి వస్తువులను అప్పటికే పంచుకొన్నారు.

తోళ్ల వార్త వ్రాతప్రతులకంటె వేగంగా ప్రయాణించింది. మరుసటి సంవత్సరమే, 1743లో, వేటగాళ్లు బేరింగ్ ద్వీపానికి బయలుదేరారు. నీటికుక్కలకోసం వచ్చినవారు శీతకాలపు ఆహారంగా సముద్రధేనువులను చంపారు. గాయపడి తప్పించుకొన్నవి సముద్రంలో చనిపోయి వృథా అయ్యేవి. 1755లో యాకొవ్లెవ్ అనే గనుల ఇంజనీరు ఈ వేటను నిలుపవలసిందని కమ్చాట్కా అధికారులకు విన్నవించాడు; ఫలితం లేకపోయింది. నీటికుక్కలు తగ్గినందువల్ల వాటికి ఆహారమైన సీ అర్చిన్ అనే ముళ్ల ప్రాణులు పెరిగి, కెల్ప్‌ను తినివేసి ఉంటాయనీ, సముద్రధేనువుల నాశనానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చుననీ ఇటీవలి శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు. 1768లో పొపొవ్ అనే వేటగాడు, అతని సహచరులు చంపినదే చరిత్రకెక్కిన చివరి సముద్రధేనువు. స్టెల్లర్ మొదటిసారి చూసిన నాటి నుండి అప్పటికి గడిచినవి 27 సంవత్సరాలు.

ఆ వార్త వినడానికి స్టెల్లర్ లేడు. కమ్చాట్కాలో ఉన్నప్పుడు, బందీలుగా ఉన్న స్థానిక ప్రజలను తన పూచీపై విడిపించినందుకు ఆయనపై రాజద్రోహం వంటి ఆరోపణ వచ్చింది. ఇర్కుట్స్క్‌లో విచారణ జరిగి నిర్దోషి అని తేలినా, ఆ సంగతి రాజధానికి చేరడానికి నెలలు పట్టింది. 1746లో సొలికామ్‌స్క్ చేరి, తెచ్చిన మొక్కలను అక్కడి తోటలో నాటించుకొంటూ ఉండగా, ఇర్కుట్స్క్‌కు తిరిగి తీసుకొనిపొమ్మన్న పాత ఉత్తర్వుతో రాజదూత వచ్చాడు. ఎంతో దూరం వెనుకకు నడిపించిన తరువాత విడుదల ఉత్తర్వు అందింది. మళ్లీ పడమటికి తిరిగాడు. తీవ్రమైన చలిలో జ్వరం తగిలి, 1746 నవంబరు 12న త్యుమెన్ పట్టణంలో, 37వ ఏట మరణించాడు. నది ఒడ్డున పూడ్చిన శవాన్ని దొంగలు పైకి తీసి, కప్పిన అంగీని దోచుకొన్నారు. కాలక్రమంలో నది ఒడ్డును కోసివేసి సమాధి గుర్తును కూడా మిగల్చలేదు.

సముద్ర జంతువులను గూర్చి లాటిన్ భాషలో ఆయన వ్రాసిన గ్రంథాన్ని విజ్ఞాన పరిషత్తు 1751లో ప్రచురించింది. సముద్ర సింహం, ఒక గద్ద, ఒక బాతు, ఆయన అమెరికాలో గుర్తించిన ఆ నీలిపక్షి నేటికీ ఆయన పేరుతోనే పిలువబడుతున్నాయి. నీటికుక్కలు కూడా నశించే దశకు వచ్చి, 1911లో నాలుగు దేశాల ఒప్పందంతో వేట ఆగినందువల్ల మిగిలాయి. సముద్రధేనువుల వంశంలో దానికి మిక్కిలి దగ్గరిదైన డ్యూగాంగ్ మన దేశపు తీరంలో మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ తీరం, అండమాన్ దీవుల వద్ద స్వల్ప సంఖ్యలో ఉన్నది. పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర దానికోసం ఒక సంరక్షణ ప్రాంతాన్ని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది.

స్టెల్లర్ విడిచి వచ్చిన ఎముకలు మళ్లీ ఎవరికీ దొరకలేదు. కాని 2017లో ఆయన బస చేసిన ద్వీపాల తీరంలోనే, గులకరాళ్ల నుండి కంచె కర్రలవలె పైకి పొడుచుకొని ఉన్న ప్రక్కటెముకలు కొన్ని కనిపించాయి. త్రవ్వి చూడగా దాదాపు పూర్తిగా ఉన్న సముద్రధేనువు అస్థిపంజరం బయటపడింది. దానికి తల మాత్రం లేదు.